ఉద్దానం కోసం సహారాలో పరుగు: నా అనుభవం

మొరాకో దక్షిణ భాగంలో, సహారా అంచున ఏటా జరిగే 'మారథాన్ దె సాబ్ల' పందెంలో నేను పాల్గొన్నానని తెలిసినవారు ముందుగా ఎండ గురించి అడుగుతారు, తరువాత తేళ్ల గురించీ పాముల గురించీ అడుగుతారు. ఉద్దానం కిడ్నీ రోగుల కోసం ఆ పరుగు పేరుతో పోగుచేసిన విరాళాల డబ్బు ఎలా వచ్చింది, ఎక్కడికి పోయింది అని అడిగేవారు అరుదు. నన్ను ఎక్కువ కాలం పట్టి ఉంచినదీ, ఎక్కువగా ఆలోచింపజేసినదీ మాత్రం ఆ డబ్బే. పరుగు వారం రోజుల్లో ముగిసింది; దాని పేరుతో పోగైన సొమ్మును చేరవలసిన చోటికి సక్రమంగా చేర్చడం చాలాకాలం సాగింది. అందుచేత ఈ అనుభవం రాసేటప్పుడు రెండింటినీ విడదీయలేను.

ముందు పందెం సంగతి. పాట్రిక్ బవెర్ అనే ఫ్రెంచి యువకుడు 1984లో అల్జీరియా ఎడారిలో సుమారు 350 కిలోమీటర్లు, తిండీ నీళ్లూ వీపున మోసుకుంటూ, పన్నెండు రోజులపాటు ఒంటరిగా నడిచాడు. ఆ నడకలో పుట్టిన ఆలోచనతోనే 1986లో 23 మందితో ఈ పందెం మొదలుపెట్టాడు. మొత్తం దూరం 250 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. దాన్ని వారం రోజుల్లో దశలవారీగా పూర్తిచేయాలి. దారి ఏటా మారుతుంది. నిర్వాహకులు ఇచ్చేవి నీళ్లు, పైన ఒక గుడారం, అవసరమైతే వైద్యం, అంతే. వారానికి సరిపడా తిండి, పడక సంచి, దిక్సూచి, అద్దం, ఈల, కత్తి, తేలు కుడితే విషం లాగడానికని చిన్న పంపు, నేను వెళ్లినప్పుడు ఇవన్నీ మన వీపు మీదే ఉండవలసినవి. 1994లో ఇసుక తుపానులో దారి తప్పిన ఇటలీ దేశస్థుడు మౌరో ప్రోస్పెరి, పాడుబడిన ఒక సమాధి మందిరంలో గబ్బిలాలను తిని ప్రాణం నిలుపుకుని, చివరికి సరిహద్దు దాటి అల్జీరియాలో తేలాడు. ఇప్పుడు ప్రతి ఒక్కరికీ ఉపగ్రహ సంకేతాలు పంపే పరికరం తగిలిస్తారు కనుక అలా తప్పిపోవడం కష్టమే; ఆ కథ మాత్రం ప్రతి గుడారంలోనూ ఏదో ఒక రాత్రి వినబడుతుంది.

నేను పుట్టి పెరిగినది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర. ప్రస్తుతం ఇంగ్లండులోని లెస్టర్‌లో ఒక ఆసుపత్రి మందుల విభాగంలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలను కలిపి ఉద్దానం అంటారన్నది ఉత్తరాంధ్ర బయట కూడా ఇప్పుడు చాలామందికి తెలుసు, కానీ తెలిసినది కొబ్బరి తోటల వల్లనో జీడి తోటల వల్లనో కాదు, కిడ్నీ జబ్బు వల్ల. మధుమేహం గానీ రక్తపోటు గానీ లేని రైతులకూ కూలీలకూ నడివయసులోనే మూత్రపిండాలు పాడవుతున్నాయి. తాగే నీరా, పురుగుమందులా, ఎండలో నీళ్లు తాగకుండా చేసే కష్టమా, నొప్పి మాత్రలా, వంశపారంపర్యమా అన్నది దశాబ్దాల పరిశోధన తరువాత కూడా తేలలేదు. మా పెదనాన్న ఆ జబ్బుతోనే పోయారు. ఆయన కాలంలో డయాలసిస్ అంటే విశాఖపట్నం వెళ్లడమే. తరువాత పలాస, సోంపేట, కవిటి ప్రభుత్వాసుపత్రుల్లో ఆ సౌకర్యం వచ్చింది, రోగి దానికి డబ్బు కట్టనక్కరలేదు. అయినా వారానికి రెండు మూడు సార్లు ఊరి నుంచి ఆసుపత్రికి ఆటోలో వెళ్లి రావడం, తోడుగా వచ్చినవారి కూలి పోవడం, ఇవి ఏ పథకంలోనూ పూర్తిగా పట్టని ఖర్చులు. మేము డబ్బు పోగుచేయదలచుకున్నది ఆ ప్రయాణాల కోసమూ, జబ్బు ముదరకముందే రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టి పంపవలసిన వ్యర్థం) ఎంత ఉందో చూసే పరీక్షల కోసమూ.

బ్రిటన్‌లో సేవాసంస్థల కోసం పరుగెత్తడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఇంటర్నెట్‌లో ఒక విరాళాల పేజీ తెరిచి, తెలిసినవారికి పంపితే, పన్ను కట్టేవారు ఎవరైనా ఇచ్చిన ప్రతి వంద పౌండ్లకూ 'గిఫ్ట్ ఎయిడ్' కింద ప్రభుత్వం మరో పాతిక కలుపుతుంది. అందుకోసం అక్కడ నమోదైన సంస్థ కావాలి. మా జిల్లావారు నడిపే ఒక చిన్న సంస్థ ఒప్పుకున్నది. మొదటే ఒక నియమం పెట్టుకున్నాను: నాలుగు వేల పౌండ్లకు పైబడిన ప్రవేశ రుసుము, బూట్లు, సంచి, శిక్షణ, అన్నీ నా జీతంలోంచే పోవాలి, విరాళంలోంచి ఒక్క పైసా వాడకూడదు. ఈ పద్ధతి పాటించని పందేలూ ఉన్నాయి. నిర్ణీత మొత్తం పోగుచేసి తెస్తే ప్రవేశ రుసుము సంస్థే భరిస్తుంది. అందులో అక్రమమేమీ లేదు గాని, తన సొమ్ము ఎవరి విమానం టికెట్టుకో పోయిందని దాతకు తరువాత తెలిస్తే ఏమనుకుంటాడన్నది నాకు మింగుడుపడని విషయం. అంత డబ్బు పెట్టుకుని వెళ్లే బదులు ఆ మొత్తాన్నే నేరుగా పంపవచ్చు కదా అని మా అన్నయ్య అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. పోగైనది నా ఖర్చుకు అనేక రెట్లు ఉండడమే దానికి నా జవాబు. ఉండకపోతే నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ ప్రశ్న మరోలా ఉండింది: "ఏటి తల్లీ, డబ్బులు కట్టి మరీ ఎండలో పడతావా?"

లెస్టర్‌లో తెలుగువారు ఉగాదికి కూడినప్పుడు ఉద్దానం గురించి పావుగంట మాట్లాడాను. మర్యాదగా విన్నారు. ఆ తరువాత ఎడారిలో ఏమి తింటాను, ఎక్కడ పడుకుంటాను, మలవిసర్జనకు ఏమి చేస్తాను అని చెప్పగానే హాలంతా ముందుకు వంగింది, విరాళాలూ అప్పుడే మొదలయ్యాయి. రోగం గురించి చెప్పినదానికంటే నేను పడబోయే అవస్థ గురించి చెప్పినది ఎక్కువ డబ్బు తెచ్చిందన్నది పేజీలో తేదీల వారీగా చూస్తే స్పష్టంగా కనబడుతుంది. నాకది కొంత చేదుగానే ఉండింది, కానీ వచ్చిన డబ్బును తిప్పి పంపేంత చేదు కాదు.

శిక్షణ గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. శనివారం పొడవాటి పరుగు, అలసిన కాళ్లతోనే ఆదివారం మరొకటి, వీపున బియ్యం నింపిన సంచి. ఇసుక అలవాటు కావడానికి వేల్స్‌లోని మెర్థర్ మావర్ తిన్నెలకు వెళ్లేదాన్ని. వానలో తడిసిన ఇసుక సహారా ఇసుకకు చాలా దూరమైనా, పైకి ఎక్కుతుంటే వెనక్కి జారడం ఎలా ఉంటుందో అక్కడే తెలిసింది. బయలుదేరే ముందు రెండు వారాలు ఒక విశ్వవిద్యాలయంలోని వేడి గదిలో ట్రెడ్‌మిల్లు మీద నడిచాను. ఒంటికి వేడి అలవాటవడానికి దాదాపు అంతకాలం పడుతుంది: రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. బూట్లు నా కొలతకంటే పెద్దవి కొన్నాను, ఎందుకంటే వేడికి పాదాలు వాస్తాయి. వాటి చుట్టూ చెప్పులు కుట్టే అతని చేత వెల్‌క్రో పట్టీ కుట్టించి, పైన పారాచూట్ గుడ్డతో చేసిన తొడుగులు అంటించాను. కుట్టు సూది అరికాలి వైపు దిగకుండా కుట్టాలని అతనికి దగ్గర కూర్చుని చెప్పవలసి వచ్చింది.

నా ఆలోచనంతా తిండి చుట్టూ తిరిగేది. నియమం ప్రకారం మొత్తం కనీసం 14,000 కెలోరీలు, రోజుకు 2,000 చొప్పున, మోయాలి. నీళ్లు కాక సంచి బరువు 6.5 కిలోలకు తగ్గకూడదు, 15 కిలోలకు మించకూడదు. తనిఖీలో పొట్లాల మీద పోషక విలువల చీటీ చూపాలి కాబట్టి ఇంట్లో చేసిన సున్నుండలు కుదరవు. ఇక మిగిలేది గ్రాముకు ఎన్ని కెలోరీలన్న లెక్క. వంద గ్రాముల అటుకుల్లో సుమారు 350 ఉంటే, అంతే జీడిపప్పులో 550కి పైగా ఉంటాయి. అందువల్ల నా సంచిలో ఎక్కువ చోటు పలాస జీడిపప్పుకే దక్కింది. ఏ నేల మనుషుల కోసం పరుగెత్తుతున్నానో ఆ నేల పంటే నన్ను మోసింది. పందెంలోని మిగతావారు శీతలీకరించి ఎండబెట్టిన నూడుల్సు, బంగాళదుంప పొడి తెచ్చుకున్నారు. నేను అటుకులు, కందిపొడి, కొద్దిగా కరివేపాకు కారం తెచ్చుకున్నాను. కారం వల్ల వచ్చే కెలోరీలు లెక్కలోకి రాకపోయినా దాన్ని వదలలేదు. సాయంత్రం ఖాళీ నీళ్ల సీసాను కత్తితో అడ్డంగా కోస్తే అడుగు భాగం గిన్నె అవుతుంది. అందులో అటుకులు పోసి, మధ్యాహ్నమంతా ఎండలో ఉండి వేడెక్కిన నీళ్లు పోసి మూతగా టోపీ పెడితే, పొయ్యి అవసరం లేకుండానే పది నిమిషాల్లో మెత్తబడేవి. నాలుగో రోజు నుంచి తీపి అంటేనే వెగటు పుట్టి, గుడారంలోవాళ్లు వరుసగా వచ్చి నా కారప్పొడి రుచి చూశారు.

మొరాకోలోని వార్జాజాత్ పట్టణం నుంచి బస్సుల్లో గంటల తరబడి ప్రయాణించి శిబిరం చేరాక, మరునాడు తనిఖీ జరిగింది. పెట్టెలు తీసేసుకున్నారు. వైద్యులు ఇ.సి.జి. కాగితం చూసి, ఉప్పు మాత్రల సంచి ఇచ్చారు. నీళ్ల కార్డు ఇచ్చారు, నీళ్లు తీసుకున్న ప్రతిసారీ దానికి చిల్లు పెట్టేవారు. గుడారమంటే నేల మీద ఒక తివాచీ, పైన కర్రలతో నిలబెట్టిన నల్లటి గుడ్డ. రెండు వైపులా తెరిచే ఉంటుంది. ఎనిమిది మందిమి పడుకునేవాళ్లం. తెల్లవారుజామున స్థానిక సిబ్బంది వచ్చి, లోపల మనుషులు ఉన్నారా లేదా అని చూడకుండా పైగుడ్డ ఎత్తుకుపోయేవారు.

ఎడారి అంటే ఇసుకే అనుకుని వెళ్లినవారికి మొదటి రోజే భ్రమ తొలగిపోతుంది. దారిలో ఎక్కువ భాగం నల్లటి రాళ్లు పరుచుకున్న బల్లపరుపు నేల, నెర్రెలు విచ్చిన ఎండిన చెరువులు, వాగుల జాడలు, మోకులు పట్టుకుని ఎక్కవలసిన కొండలు. తిన్నెలు వచ్చినప్పుడు మాత్రం మిగతావన్నీ మరచిపోతాము. మధ్యాహ్నం వేడి 45 డిగ్రీల దాకా పోయేది, రాత్రి చలికి పడక సంచిలో ముడుచుకునేవాళ్లం. పది పన్నెండు కిలోమీటర్లకు ఒక తనిఖీ కేంద్రం, అక్కడ లీటరున్నర సీసా. సీసా మీదా మూత మీదా మన సంఖ్య రాసి ఉండేది. దారిలో ఎక్కడైనా పారేస్తే ఎవరిదో తెలిసిపోయేది, శిక్షగా సమయం కలిపేవారు. అదనంగా నీళ్లు అడిగినా, సెలైన్ ఎక్కించుకున్నా అప్పట్లో అదే శిక్ష. వరుసకు చివర రెండు ఒంటెలు నడుస్తూ వస్తాయి. అవి మనల్ని దాటితే మన పందెం ముగిసినట్లే. మొదటి మూడు రోజులూ ముప్పై నుంచి నలభై కిలోమీటర్ల మధ్య దశలు కాబట్టి ఆ ఒంటెలను నేను ఉదయం బయలుదేరే చోట తప్ప చూడలేదు.

నా వృత్తి నాకు అక్కడ బాగా ఉపయోగపడింది. శిబిరంలో ఇబుప్రోఫెన్ చాక్లెట్లలా చేతులు మారేది. నొప్పి తగ్గించే ఆ మందు మూత్రపిండాలకు రక్తం చేరవేసే నాళాలను సంకోచింపజేస్తుంది. ఒంట్లో నీరు చాలినప్పుడు ఆరోగ్యవంతులు దాన్ని తట్టుకుంటారు. చెమటగా నీరంతా పోయి, ఎడతెగని శ్రమకు కండరాలు చితికి, అందులోంచి విడుదలైన మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌ను కూడా అవే మూత్రపిండాలు వడకట్టవలసిన సమయంలో ఆ మాత్ర వేసుకోవడమంటే ఉన్న ఒక్క దారినీ మూసేయడమే. పారాసెటమాల్ తప్ప మరొకటి ముట్టుకోనని ముందే నిశ్చయించుకున్నాను, గుడారంలో అందరికీ కారణం చెప్పాను. ఇద్దరు మానేశారు. ఉప్పు లేకుండా నీళ్లు మాత్రమే తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. సీసాకు రెండు మాత్రల లెక్క తప్పనివ్వలేదు. మూత్రం రంగు రోజూ చూసుకునేదాన్ని.

అలా చూసుకుంటున్నప్పుడే మా ఊరి జీడి తోటలు జ్ఞాపకం వచ్చేవి. పొద్దున్నే చెంబుడు గంజి తాగి వెళ్లి, ఎండ తిరిగేదాకా పనిచేసి, రాత్రి ఒళ్లు నొప్పులకు ఆర్.ఎం.పి. డాక్టరు ఇచ్చిన మాత్రో సూదో వేయించుకుని, మళ్లీ పొద్దున్నే వెళ్లే మనుషులు వాళ్లు. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగ్వా దేశాల చెరకు కోత కూలీలకు ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడి పరిశోధకులు వేడి, నీటి లేమి, కఠిన శ్రమ కలిసిన స్థితినే ప్రధానంగా అనుమానిస్తున్నారు, పనివేళల్లో నీరు, విశ్రాంతి, నీడ ఉండేలా చూసే ప్రయత్నాలూ సాగుతున్నాయి. ఉద్దానానికి అదే కారణమని చెప్పే హక్కు నాకు లేదు. కానీ వేల పౌండ్లు కట్టి వచ్చిన నాకు కిలోమీటర్ల లెక్కన నీళ్లు, ఉప్పు, నీడ, తల మీద హెలికాప్టరు ఏర్పాటు చేశారు. ఆ జాగ్రత్తలో పదో వంతు, ఎక్కువ ఏళ్లు ఇదే ఎండలో గడిపేవారికి ఎవరూ ఏర్పాటు చేయలేదన్న సంగతి పరుగెత్తుతున్నంతసేపూ నన్ను వదలలేదు.

నాలుగో దశ ఎనభై కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అందరూ భయపడేది దానికే. అందరికంటే వేగంగా పరుగెత్తే యాభై మందిని మూడు గంటలు ఆలస్యంగా వదిలారు. కొండ మీద మోకు దగ్గర మేము వరుసలో నిలబడి ఉండగా వాళ్లు పక్కనున్న రాళ్ల మీదుగా, చేతులు నేలకు ఆన్చకుండా ఎక్కిపోయారు. అందులో మొరాకోవారే ఎక్కువ. ఈ పందేన్ని పదిసార్లు గెలిచిన లాహ్సెన్ అహన్సల్ కూడా ఈ ప్రాంతపు సంచార కుటుంబంలో పుట్టినవాడే. మధ్యాహ్నం మూడు దాకా నేను పరుగెత్తాను, ఆ తరువాత నడిచాను. చీకటి పడగానే ప్రతి సంచికీ విరిస్తే వెలిగే ప్లాస్టిక్ పుల్ల కట్టమన్నారు. ముందు ఎవరిదో ఆకుపచ్చ వెలుగు, దాని ముందు మరొకటి. చాలా దూరాన తనిఖీ కేంద్రం నుంచి ఆకాశంలోకి లేజరు గీత. ఆ గీత దగ్గరవుతున్నట్లే ఉండి గంటలు గడిచినా దగ్గర కాదు. నాతో నడుస్తున్నది మా గుడారంలోని రిటైరైన అగ్నిమాపక ఉద్యోగి. మాట్లాడే ఓపిక ఇద్దరికీ లేదు, కానీ ఎవరు ఆగినా రెండోవారు ఆగేవాళ్లం. అర్ధరాత్రి దాటాక ఒక కేంద్రంలో ఆయన మేజోడు విప్పితే అరికాలి చర్మం ఉడికిన ఆలుగడ్డ తొక్కలా దానితోపాటే వచ్చింది. వైద్యురాలు ఏమీ మాట్లాడకుండా శుభ్రం చేసి, ఎర్రటి మందు పూసి, పట్టీ వేసి, "వెళ్తారా, ఉంటారా?" అని మాత్రమే అడిగింది. వెళ్తానన్నాడు. తెల్లవారకముందే శిబిరం చేరాము. ఆ రోజంతా విశ్రాంతి. మధ్యాహ్నం ఒక్కొక్కరికీ ఒక చల్లటి కోకాకోలా డబ్బా ఇస్తారు. దాని కోసం వయసుమీరిన పెద్దమనుషులు ఎర్రటి ఎండలో బారులు తీరడం చూడవలసిన దృశ్యం.

అభిమానులు పంపిన ఈమెయిళ్లను నిర్వాహకులు అచ్చువేసి సాయంత్రం గుడారాలకు పంచేవారు. ఆ రోజు నాకు వచ్చిన కట్టలో సోంపేటలో డయాలసిస్‌కు వెళ్లే ఒకావిడ కొడుకు రాసినది ఉంది. "అక్కా, మీరు పరిగెట్టడం మా అమ్మకు చెప్పాను. ఆటో డబ్బులు ఎప్పటినుంచి ఇస్తారో కనుక్కోమంది," అని రాశాడు. ఆ వారంలో నాకు వచ్చిన వాటిలో పనికివచ్చే ప్రశ్న అదొక్కటే.

మారథాన్ దూరమున్న ఐదో దశ చివర బవెర్ స్వయంగా నిలబడి ఒక్కొక్కరి మెడలోనూ పతకం వేసి కౌగిలించుకున్నాడు. మిగిలినది సేవకోసం అందరూ కలిసి నడిచిన చిన్న దశ, దానికి సమయం లెక్కించలేదు.

ఆ పైన అసలు పని మొదలైంది. బ్రిటన్‌లోని సంస్థ ఖాతాలో చేరిన సొమ్మును భారతదేశానికి పంపాలంటే, తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద నమోదు ఉండాలి. 2020లో సవరించిన నియమాల ప్రకారం ఆ డబ్బు న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే ముందుగా పడాలి. అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. కార్యాలయ ఖర్చులు ఇరవై శాతం దాటకూడదు. బదిలీ కుదరదు కాబట్టి, పెద్ద నగరంలో నమోదైన సంస్థకు పంపి ఊళ్లో పనిచేసే చిన్న బృందానికి ఇప్పించే దారి మూసుకుపోయింది. నమోదు ఉండి, ఉద్దానంలో తానే పనిచేసే సంస్థ కోసం వెతకడానికి నెలలు పట్టింది. కొందరు దాతలు ఇంకా ఎందుకు ఖర్చుకాలేదని అడిగారు. వారికి ఈ నియమాలన్నీ వివరిస్తూ రాసిన ఉత్తరం పందెం గురించి రాసిన దేనికంటే పొడవైనది.

చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. డబ్బు విడతలుగా వెళ్తుంది. ఆటోవారికి ప్రయాణం లెక్కన సంస్థే నేరుగా చెల్లిస్తుంది, ఆసుపత్రి హాజరు పుస్తకంలోని తేదీతో ఆటో చీటీలోని తేదీ సరిపోవాలి. క్రియాటినిన్ పరీక్షలు పంట కోతలు లేని నెలల్లో ఊళ్లలోనే చేస్తారు, ఎందుకంటే కోతల కాలంలో కూలి వదులుకుని ఎవరూ రారు. ఫలితం ఎక్కువగా ఉన్నవారిని మూడు నెలల తరువాత మళ్లీ పరీక్షించాలి, అప్పటిదాకా రోగి అని ముద్ర వేయకూడదు. మొదటి విడత లెక్కలు వచ్చినప్పుడు రెండు చీటీల్లో తేదీలు కలవలేదు. ఆటోడ్రైవరు రాత్రి పన్నెండు దాటాక ఇంటికి చేర్చిన ప్రయాణాలని తేలాక రెండో విడత విడుదల చేశాము. ఈ ఆదివారం మూడో విడత చీటీలు సరిచూడాలి.